బొమ్మలో ఉన్నాడు, లెక్కలో లేడు

యుద్ధం మీద గీసిన వ్యంగ్య చిత్రాల్లో రాజులున్నారు, సేనాపతులున్నారు, ఆయుధాలమ్ముకుని బలిసిన వ్యాపారులున్నారు, జెండా కప్పిన శవపేటికల ముందు ఉపన్యాసాలిచ్చే మంత్రులున్నారు. వీళ్లందరికీ పేర్లుంటాయి, పోలికలుంటాయి, నోటి దగ్గర మాటలుంటాయి. బొమ్మ అంచున ఇంకొకడు కూడా తరచుగా కనిపిస్తాడు. అతనికి ఒక కాలు కొయ్యది, లేదా చొక్కా చెయ్యి ఖాళీగా వేలాడుతూ ఉంటుంది. అతనికి పేరుండదు, మాటుండదు, చాలాసార్లు ముఖం కూడా సరిగ్గా ఉండదు. చూసేవాడి కన్ను అతని తెగిన అవయవం మీద ఒక్క క్షణం ఆగి, వెంటనే అసలు లక్ష్యమైన మంత్రి మీదికి వెళ్లిపోతుంది. చిత్రకారుడు కోరుకున్నదీ అదే.

యుద్ధంలో అవయవాలు పోగొట్టుకున్న సైనికుణ్ణి వ్యంగ్య చిత్రకళ సాక్ష్యంగా వాడుకుంది గానీ మనిషిగా పట్టించుకోలేదన్నది నా అభియోగం. ప్రభుత్వాలు అతన్ని నిర్లక్ష్యం చేశాయని చాటిచెప్పిన కళే తన పద్ధతిలో తానూ అతన్ని నిర్లక్ష్యం చేసింది. వ్యంగ్యమంటే గిట్టక రాస్తున్న మాట కాదిది. బలవంతుణ్ణి బజారుకీడ్చే కళల్లో కార్టూన్‌ను మించినది లేదని నమ్మేవాణ్ణి, అందుకే దాని లోటు నన్ను ఇంతగా బాధిస్తుంది.

ఈ విషయం ఎవరు ఎత్తినా జర్మన్ చిత్రకారుడు ఒట్టో డిక్స్‌తో మొదలుపెట్టక తప్పదు. మొదటి ప్రపంచ యుద్ధంలో స్వచ్ఛందంగా చేరి, మెషిన్‌గన్ దళంలో పనిచేసి, గాయపడి, పతకం కూడా పొంది తిరిగివచ్చిన మనిషి ఆయన. 1920లో డ్రెస్డెన్‌లో ఉండగా వికలాంగ సైనికుల మీద వరుసగా నాలుగు చిత్రాలు వేశారు. వాటిలో అగ్గిపెట్టెలు అమ్ముకునేవాడి బొమ్మ ఇప్పుడు స్టట్‌గార్ట్‌లో ఉంది. రెండు కాళ్లూ రెండు చేతులూ లేని, చూపు కూడా పోయిన మాజీ సైనికుడొకడు గోడకు ఆనుకుని నేలమీద కూర్చుని ఉంటాడు. మెడకు ఒక తట్ట వేలాడుతుంటుంది, అందులో అగ్గిపెట్టెలు. తల మీద టోపీ, కళ్లకు నల్ల అద్దాలు. అసలైన స్వీడన్ అగ్గిపుల్లలంటూ అతను పెట్టే కేక అక్షరాల వరుసగా నోట్లోంచి బయటికి వస్తుంది. చుట్టూ దారిన పోయేవాళ్ల కాళ్లు మాత్రమే కనిపిస్తాయి: ఇస్త్రీ చేసిన ప్యాంట్లు, మెరిసే బూట్లు, ఒక స్త్రీ మడమలు. అన్నీ అతని నుంచి దూరంగా పోతున్నవే. పొట్టి కాళ్ల కుక్క ఒకటి మాత్రం దగ్గరికి వచ్చి అతని మీద మూత్రం పోస్తుంది.

ఈ చిత్రం కొట్టిన దెబ్బ ఎవరికి తగలాలో వాళ్లకే తగిలింది, అందులో సందేహం లేదు. కానీ బొమ్మను ఎక్కువసేపు చూసిన కొద్దీ నాకు ఇంకొకటి కూడా కనిపిస్తుంది. పారిపోయే కాళ్లతో సహా అందులో ప్రతిదీ కదులుతుంది, ఆఖరికి కుక్క కూడా తన పని తాను చేసుకుపోతుంది. ఏమీ చెయ్యనివాడు అతనొక్కడే. అతనికి దక్కిన మాటలు సరుకు పేరుకే సరిపోయాయి. తనను దాటిపోతున్నవాళ్ల గురించి అతనేమనుకుంటున్నాడు? కుక్కను తిట్టాడా, లేక నవ్వాడా? చీకటి పడ్డాక అతన్ని ఎవరు ఎత్తుకుని ఇంటికి తీసుకెళ్తారు? చేతులు లేని మనిషి మెడలోని తట్టలోంచి చిల్లర ఎవరు తీసి లెక్కపెడతారు? ఈ ప్రశ్నలు బొమ్మకు పట్టలేదు. చూసేవాడు సిగ్గుపడటానికి ఎంత కావాలో అంతవరకే అతను అక్కడ ఉన్నాడు.

అదే ఏడాది డిక్స్ వేసిన మరో చిత్రంలో నలుగురు వికలాంగ సైనికులు సైనిక దుస్తుల్లో వీధి వెంట వరుసగా నడుస్తుంటారు. ఒకరిది చక్రాల కుర్చీ, ఇంకొకరివి కొయ్యకాళ్లు. షెల్‌షాక్‌తో, అంటే యుద్ధ భీతికి మతి చెదిరి, ఆగకుండా వణికే మరొకరి తలను చిత్రకారుడు ఒకదాని మీద ఒకటిగా పేర్చిన గీతలతో చూపించాడు. వెనక చెప్పులు కుట్టే దుకాణం, దాని కిటికీలో బూట్లు. ఈ నలుగురిలో ఎన్ని పాదాలు మిగిలాయో లెక్కపెట్టుకున్న చూపరికి ఆ దుకాణం అక్కడ ఎందుకుందో వెంటనే తెలుస్తుంది. 1920 వేసవిలో బెర్లిన్‌లో జరిగిన డాడా అనే తిరుగుబాటు కళా ఉద్యమం ప్రదర్శనలో ఈ చిత్రాన్ని పెట్టినప్పుడు, పని చెయ్యడానికి 45 శాతం పనికొచ్చేవాడు అన్న పేరుతో పెట్టారు. నాకు అన్నిటికంటే పదునైన వ్యంగ్యం ఆ శాతంలోనే కనిపిస్తుంది, ఎందుకంటే అది చిత్రకారుడి కల్పన కాదు, పింఛను లెక్కల భాష. ఆ రోజుల్లో యుద్ధం చేసిన ఇతర దేశాలు కూడా మనిషి శరీరాన్ని ఇలాగే పట్టికలుగా విడగొట్టాయి. బ్రిటన్ పట్టికలో కుడి చెయ్యి పోయినవాడికి ఒక రేటు, ఎడమ చెయ్యి పోయినవాడికి అంతకంటే తక్కువ. ఎడమచేతి వాటం ఉన్నవాడు ఈ పట్టిక ముందు నిలబడి ఏమనుకుని ఉంటాడో గీసిన కార్టూన్ నా కంట పడలేదు.

నాలుగింటిలోనూ నేను ఎక్కువ ప్రేమించేది పేకాడుతున్న ముగ్గురు సైనికుల చిత్రం. కాఫీ హోటల్లో బల్ల చుట్టూ చేరిన ముగ్గురి అవయవాలూ కలిపినా ఒక మనిషికి సరిపడా ఉండవు. ఒకడు పేకముక్కల్ని కాలివేళ్ల మధ్య పట్టుకుని ఆడుతుంటాడు. మరొకడికి కింది దవడ లోహంతో చేసినది. ఆ దవడ మీద అది డిక్స్ బ్రాండు సరుకని చెప్పే చీటీ, దాని పక్కన ఆ సరుకు కనిపెట్టినవాడిగా చిత్రకారుడి సొంత ఫొటో అతికించి ఉంటాయి. ముక్కలు నిజమైన పేకముక్కలే, వెనక వేలాడే పత్రికలు నిజమైన పత్రిక కాగితాలే. బొమ్మ భయంకరంగానే ఉంటుంది. అయితే ఈ ముగ్గురూ మన జాలి కోసం అక్కడ కూర్చోలేదు. వాళ్ల ధ్యాసంతా ఆట మీద ఉంది. కాలివేళ్లతో ముక్క విసరడానికి ఎన్ని నెలల సాధన కావాలో ఊహించండి. ఆ నేర్పు బొమ్మలో చేరిన మరుక్షణం ఆ మనిషి కేవలం గాయంగా మిగలడు. ఎవరు గెలుస్తున్నారో తెలుసుకోవాలనిపిస్తుంది. అగ్గిపెట్టెలవాడి బొమ్మ చూసినప్పుడు నాకు అలాంటి కుతూహలం కలగదు.

కొలోన్ చిత్రకారుడు హైన్రిష్ హోర్లె ఆ సంవత్సరమే పన్నెండు లితోగ్రాఫుల (రాతి అచ్చు చిత్రాల) సంపుటం ఒకటి తెచ్చాడు. డిక్స్‌తో పోలిస్తే ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువ, అది అన్యాయం. హోర్లె వికలాంగుణ్ణి వీధిలోంచి ఇంట్లోకి తీసుకెళ్లాడు. చెయ్యి లేని మనిషి భార్య పక్కన ఎలా ఉంటాడు, కొయ్యకాలివాడికి ఎలాంటి కలలొస్తాయి, పోయిన చేతులు పూలకుండీల్లో మొక్కల్లా మొలుస్తున్నట్టు ఎలా భ్రమ కలుగుతుంది అన్నవి గీశాడు. తెగిన అవయవం ఇంకా ఉన్నట్టే తిమ్మిరెక్కడం, నొప్పి పుట్టడం అవయవం పోయినవాళ్లలో చాలామందికి తెలిసిన బాధే. రాత్రి పడకమీద మనిషిని నిద్రపోనివ్వని ఆ బాధ దారిన పోయేవాడి కంటికి కనిపించదు. దాన్ని కాగితం మీదికి తేవాలంటే అతని పక్కన కొంతకాలం కూర్చోవాలి. అలా కూర్చున్న చిత్రకారులు ఇంత తక్కువమంది ఎందుకున్నారన్నదే నా ఫిర్యాదు.

ఈ బొమ్మల చట్రం బయట జరిగింది కూడా చెప్పుకోవాలి. జర్మనీలో వికలాంగ సైనికులు యుద్ధం ముగియకముందే, 1917లోనే, సంఘం పెట్టుకున్నారు. 1918 డిసెంబరులో వేలాదిగా బెర్లిన్ వీధుల్లో ఊరేగింపు తీశారు. 1920లో వచ్చిన చట్టాలు పెద్ద సంస్థలు తమ ఉద్యోగుల్లో కొంత శాతం తీవ్ర వికలాంగుల్ని తప్పనిసరిగా తీసుకోవాలన్నాయి, పింఛన్లను కొత్తగా నిర్ణయించాయి. ఫెర్డినాండ్ సావర్‌బ్రుఖ్ అనే శస్త్రవైద్యుడు, మిగిలిన కండరాల బలంతోనే కదిలే కృత్రిమ చేతికి దారి చూపించాడు. యంత్రాల ముందు, ఆఫీసు బల్లల దగ్గర కృత్రిమ చేతులతో పనిచేసిన మనుషులుండేవారు. వాళ్లు గుమాస్తాలతో పోట్లాడారు, సంఘాలుగా చీలిపోయారు, ఒకరినొకరు తిట్టుకున్నారు, ఎన్నికల్లో ఓట్లేశారు. వ్యంగ్యానికి ఇంతకంటే సారవంతమైన నేల ఏముంటుంది? అయినా మనకు మిగిలిన బొమ్మల్లో పేవ్‌మెంట్ మీద బిచ్చమెత్తేవాడున్నంతగా ఊరేగింపులో నినాదమిచ్చేవాడు లేడు. నిలదీసేవాడి కంటే చెయ్యి చాచేవాడే చిత్రకారుడి వాదానికి అనువుగా కనిపించాడు.

నాజీలు అధికారంలోకి వచ్చాక డిక్స్‌ను 1933లోనే డ్రెస్డెన్ అకాడమీ ఉద్యోగంలోంచి తీసేశారు. 1937 జూలైలో మ్యూనిక్‌లో పెట్టిన పతిత కళ ప్రదర్శనలో నలుగురు వికలాంగుల చిత్రాన్ని వేలాడదీసి, సైన్యానికి రంగులతో చేసిన ద్రోహమని రాశారు. యుద్ధ వీరుల్ని అవమానించిందన్నది ఆరోపణ. ఆ చిత్రం తర్వాత కనిపించకుండా పోయింది, నాశనం చేసి ఉంటారని అంటారు; దాని ఎచింగ్ (లోహపు పలక మీద గీసి తీసిన అచ్చు) ప్రతులు మాత్రం మిగిలాయి. వీరుల గౌరవం గురించి అంత ఆవేశపడిన ఆ రాజ్యమే కొద్ది సంవత్సరాలకు మానసిక రోగుల్ని ఆసుపత్రుల నుంచి బస్సుల్లో తరలించి గ్యాస్‌తో చంపింది. చనిపోయినవాళ్లలో మొదటి యుద్ధంలో మతి చెదిరి వచ్చిన సైనికులూ ఉన్నారు. డిక్స్ బొమ్మలో వణుకుతున్న ఆ మనిషిలాంటివాళ్లన్నమాట. ఈ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టుకున్నప్పటి నుంచి, సైనికుల గౌరవం పేరుతో ఎవరైనా ఒక బొమ్మను నిషేధించమంటే, వాళ్లు సైనికుల కోసం ఏం చేశారని నేను ముందుగా అడుగుతున్నాను.

ఆ రాజ్యంతో ఏ పోలికా పెట్టకుండా, ఈ ప్రశ్న అడగవలసిన మరో సందర్భం చెబుతాను. 2006 జనవరి 29న వాషింగ్టన్ పోస్ట్‌లో టామ్ టోల్స్ కార్టూన్ ఒకటి వచ్చింది. రెండు చేతులూ రెండు కాళ్లూ పోయిన సైనికుడు ఆసుపత్రి మంచం మీద ఉంటాడు. డాక్టరు వేషంలో ఉన్న రక్షణమంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్, నీ పరిస్థితిని యుద్ధంలో రాటుదేలినట్టుగా నమోదు చేస్తున్నానంటాడు. ఇరాక్‌లో సైన్యం అలసిపోయిందన్న విమర్శకు రమ్స్‌ఫెల్డ్ అంతకుముందు ఇచ్చిన జవాబు అదే. అమెరికా సైనిక దళాల అధిపతుల మండలి (జాయింట్ చీఫ్స్ ఆఫ్ స్టాఫ్) సభ్యులు ఆరుగురూ సంతకాలు చేసి పత్రికకు నిరసన లేఖ రాశారు. అవయవాలు పోగొట్టుకున్న సైనికుల త్యాగాన్ని కార్టూనిస్టు చులకన చేశాడన్నది వాళ్ల మాట. తన గురి రమ్స్‌ఫెల్డ్ మీదేనని టోల్స్ అన్నారు. నేను టోల్స్ పక్షమే. ఆ మంచం మీది మనిషిని ఎగతాళి చేసింది మంత్రి మాట, దాన్ని బయటపెట్టింది కార్టూన్. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అదే పత్రిక వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో చికిత్స పొందుతున్న గాయపడ్డ సైనికులు బూజు పట్టిన గోడల మధ్య, ఎలుకలు తిరిగే గదుల్లో ఎలా ఉంటున్నారో రాసింది. సైనిక శాఖ కార్యదర్శి రాజీనామా చెయ్యవలసి వచ్చింది. లేఖ రాసిన ఆరుగురి ఆగ్రహం ఆ గదుల దాకా ముందే వెళ్లి ఉంటే ఎంత బాగుండేది!

అయినా టోల్స్ బొమ్మలోనూ మంచం మీది సైనికుడు నోరు విప్పడు. అధిపతులు అతని తరఫున బాధపడ్డారు, కార్టూనిస్టు అతని తరఫున కోపగించాడు, పాఠకులు రెండు వర్గాలుగా విడిపోయి అతని తరఫున వాదించుకున్నారు. అతనికి ఏమనిపించిందో అడిగే చోటు ఆ గొడవలో ఎక్కడా లేకపోయింది.

వ్యంగ్యం ఎప్పుడూ అతని పక్షానే నిలబడిందని కూడా అనుకోనక్కర్లేదు. అమెరికా అంతర్యుద్ధం ముగిసి పదిహేడేళ్లయ్యాక, 1882లో, పక్ అనే వ్యంగ్య పత్రిక పింఛన్ల మీద ఒక బొమ్మ వేసింది. అందులో మాజీ సైనికుడు తీరని ఆకలితో ఖజానాను మింగే తిండిపోతు. డబ్బు దోచుకోవడానికి అతనికి ఒంటినిండా చేతులు మొలిచి ఉంటాయి. దొంగ దరఖాస్తులు, మధ్యవర్తుల దోపిడీ నిజంగానే ఉండేవి. 1890ల మొదట్లో ఫెడరల్ ప్రభుత్వ ఖర్చులో మూడో వంతుకు పైగా పింఛన్లకే పోయేది. విమర్శకు కారణం లేదనను. కానీ ఆ యుద్ధంలో వేలమంది చేతులు రంపాలతో కోసి గుడారాల బయట కుప్పపోసిన సంగతి ఆ పత్రిక పాఠకులకు తెలియనిది కాదు. అలాంటి యుద్ధం నుంచి వచ్చినవాడికి లేని చేతుల్ని డజన్లకొద్దీ తగిలించి దొంగగా చూపించడం క్రూరత్వమే. జాలి చూపులు కొన్నేళ్లకు ఖర్చు లెక్కలుగా మారతాయని, కార్టూనిస్టు కూడా ఆ మార్పుతో పాటే మారతాడని ఈ బొమ్మ చెబుతుంది.

అమెరికా కార్టూనిస్టు థామస్ నాస్ట్ ఆ యుద్ధకాలంలోనూ, అది ముగిసిన వెంటనేనూ వేసినవాటిని దీని పక్కన పెట్టి చూడాలి. 1864 సెప్టెంబరులో హార్పర్స్ వీక్లీలో వచ్చిన చిత్రంలో, కాలు పోయిన ఉత్తరాది సైనికుడు ఊతకర్ర మీద తల వంచుకుని నిలబడి, ఒక సమాధి మీదుగా దక్షిణాది వాడికి చెయ్యి అందిస్తాడు. వృథా యుద్ధంలో మరణించిన వీరులకు అంకితమని సమాధి మీద ఉంటుంది. రాజీ కుదుర్చుకుందామన్న వాళ్లకు అది చెంపపెట్టు. మరుసటి ఏడాది ఆగస్టులో వచ్చిన జంట చిత్రంలో ఒకవైపు క్షమాభిక్ష కోసం మోకరిల్లిన తిరుగుబాటు నాయకులు, ఇంకోవైపు కాలు తెగి కర్ర ఊతంగా నిలబడ్డ నల్లజాతి సైనికుడు. వాళ్లను నమ్మి ఇతన్ని నమ్మకూడదా అని దేశమాత అడుగుతుంది. ఇక్కడ గాయం జాలి కోసం లేదు, ఓటుహక్కుకు పత్రంగా ఉంది. అతను మాట్లాడడు, నిజమే. కానీ చూసేవాడు అతన్ని తనతో సమానుడిగా ఊహించుకోక తప్పదు. అంతకంటే ముందు, 1819లో, ఫ్రెంచి చిత్రకారుడు థియోడోర్ జెరికో లితోగ్రాఫ్ ఒకటి గీశాడు. నెపోలియన్ సైన్యంలో పనిచేసిన కొయ్యకాలి మనిషిని లూవ్ర్ ద్వారం దగ్గర కాపలావాడు అడ్డుకుంటాడు. అతను కోటు తెరిచి లోపలున్న లీజియన్ ఆఫ్ ఆనర్ పతకం చూపిస్తాడు, కాపలావాడు వందనం చెయ్యక తప్పదు. బొమ్మ మొత్తం ఆ వికలాంగుడు చేసిన పని మీదే నడుస్తుంది. అతను కోటు తెరవకపోతే ఆ బొమ్మే లేదు. అలాంటివి అంతకుముందూ తర్వాతా ఎన్ని ఉన్నాయని వెతికితే చాలా కొద్దిగానే దొరుకుతున్నాయి.

ఎందుకిలా జరిగిందని ఆలోచిస్తే నాకు తోచిన మొదటి కారణం కాలానికి సంబంధించినది. కార్టూన్ ఆ పూట వార్తను పట్టుకుని బతుకుతుంది. యుద్ధం జరుగుతున్నంతకాలం వార్త ఉంటుంది, సంధి కుదిరిన రోజు ఉంటుంది, తర్వాత విజయోత్సవాలుంటాయి. ఇరవై ఏళ్లకు కాలు పోగొట్టుకున్నవాడు ఆ తర్వాత యాభై ఏళ్లు కృత్రిమ కాలితో బతకాలి. అతని జీవితంలో ఏ ఒక్క రోజూ వార్త కాదు. ప్రతి ఉదయం మోడుకు తొడుగు వేసుకోవడం, చెమటకు ఒరుసుకుపోయిన చర్మం, వయసుతో పాటు మోడు కుంచించుకుపోవడంతో దానికి సరిగ్గా పట్టని కృత్రిమ కాలి గిన్నె, రెండో మోకాలి మీద పడే అదనపు బరువు, ఇవన్నీ మెల్లగా జరిగేవి. రాజకీయ కార్టూనిస్టు దృష్టి మెల్లగా జరిగేవాటి మీద నిలవదు. రెండో కారణం భయం. బలహీనుణ్ణి బొమ్మలో పెట్టి నవ్విస్తే, అతన్ని చూసి నవ్విస్తున్నారని అంటారేమోనన్న జంకు. ఈ జంకులో మర్యాద ఉంది, కాదనను. అయితే ఆ మర్యాద ఫలితం ఏమిటంటే, అతన్ని దుఃఖం ముద్దగా మాత్రమే గీయడానికి అనుమతి మిగలడం.

ఇక్కడ నా సొంత మాట ఒకటి చెప్పుకోవాలి. మా పెదనాన్న సైన్యంలో పనిచేసి, మోకాలి కింద నుంచి ఒక కాలు లేకుండా ఇంటికి వచ్చినవారు. చిన్నపిల్లలం చుట్టూ చేరి, "పెదనాన్నా, మీ కాలేదీ?" అని అడిగితే, "పింఛను ఆఫీసులో తాకట్టు పెట్టానురా, కాగితాలు పూర్తవగానే ఇస్తామన్నారు" అనేవారు. వైకల్యం ఇంకా ఉందో లేదో తేల్చడానికి మెడికల్ బోర్డు ముందుకు రమ్మని పిలుపు వచ్చినప్పుడు, "మళ్లీ మొలిచిందేమో చూస్తారట" అని కర్ర తీసుకుని బయలుదేరేవారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో కోపముండేది, నవ్వూ ఉండేది, రెండూ నిజమైనవే. ఆ బోర్డు గదిని, డాక్టరు ముందు ప్యాంటు పైకి మడిచి పోయిన కాలు పోయిందని మళ్లీ రుజువు చేసుకుంటున్న మనిషిని నేను ఏ కార్టూన్‌లోనూ చూడలేదు. అధికారం అర్థరహితంగా ప్రవర్తించే చోటు వెతుక్కోవడమే వ్యంగ్య చిత్రకారుడి పనైతే, ఇంతకంటే మంచి చోటు ఆయనకు ఎక్కడ దొరుకుతుంది? పెదనాన్నకు దాన్ని చూడటం వచ్చు, చెప్పడం వచ్చు. గీయడం ఒక్కటే రాదు.

ఇలా మాట్లాడింది ఆయన ఒక్కరే కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో లండన్‌లోని వాండ్స్‌వర్త్ సైనిక ఆసుపత్రిలో, ముఖాలు ఛిద్రమైనవాళ్లకు లోహపు ముసుగులు తయారుచేసే విభాగం ఉండేది. శిల్పి ఫ్రాన్సిస్ డెర్వెంట్ వుడ్ దాన్ని నడిపారు. సైనికులు ఆ విభాగానికి రేకు ముక్కుల దుకాణమని పేరు పెట్టుకున్నారు. ఆ ఆసుపత్రి తన సొంత పత్రికను కూడా నడిపింది; కట్లు, ఊతకర్రలు, నర్సుల గద్దింపులు, తనిఖీలు అందులో కార్టూన్లయ్యాయి. ఫ్రాన్స్‌లో ముఖం ఛిద్రమైన సైనికులు 1921లో కల్నల్ ఇవ్ పికో నాయకత్వంలో సంఘం కట్టుకుని, ఏదేమైనా నవ్వుదామన్న అర్థమిచ్చే మాటను తమ నినాదంగా పెట్టుకున్నారు. అంతకు రెండేళ్ల ముందు వెర్సాయ్ సంధి మీద సంతకాలు జరిగిన గదిలో అలాంటి అయిదుగురిని జర్మన్ ప్రతినిధుల కంట పడేలా నిలబెట్టారు. ఎదుటివాణ్ణి సిగ్గుపరచడానికి రాజ్యం కూడా వాళ్ల ముఖాలనే వాడుకుంది. డిక్స్ ఏ పనికి వాళ్లను వాడుకున్నాడో ఇదీ అలాంటిదే, ఉద్దేశం మాత్రం వేరు. ఆ మనుషులు తమ గురించి తాము చెప్పుకున్నప్పుడు ఎంచుకున్న మాట నవ్వు. ఒక్క బ్రిటన్‌లోనే ఆ యుద్ధంలో అవయవాలు కోల్పోయినవాళ్లు 41 వేలకు పైగా ఉన్నారు. వాళ్ల మధ్య పుట్టిన హాస్యంలో ఎంత కాగితం మీదికి ఎక్కకుండానే పోయిందో తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

దినపత్రిక కార్టూన్‌కు కాలం చాలదన్నాను. చాలేలా చేసినవాడు ఒకడున్నాడు. గ్యారీ ట్రూడో అమెరికా పత్రికల్లో 1970లో మొదలుపెట్టిన డూన్స్‌బరీ అనే కార్టూన్ కథలో బి.డి. అనే పాత్ర ఎప్పుడూ తలమీద హెల్మెట్‌తోనే ఉండేవాడు. 2004 ఏప్రిల్‌లో ఇరాక్ యుద్ధంలో అతని కాలు పోయింది, మూడు దశాబ్దాల్లో మొదటిసారి పాఠకులు అతన్ని హెల్మెట్ లేకుండా చూశారు. ఆ తర్వాత ట్రూడో వదిలెయ్యలేదు. ఆసుపత్రులకు వెళ్లి గాయపడ్డవాళ్లతో మాట్లాడాడు. ఫిజియోథెరపీ, కొత్త కాలు, భార్యతో గొడవలు, ఉలిక్కిపడే రాత్రులు, కౌన్సెలింగ్‌కు వెళ్లడానికి మొండికెయ్యడం, చివరికి వెళ్లడం, ఇవన్నీ సంవత్సరాల తరబడి గీశాడు. బి.డి. అందులో చిరాకుపడతాడు, జోకులేస్తాడు, తప్పులు చేస్తాడు, కొన్నిసార్లు మనకు నచ్చడు. నచ్చకపోయే హక్కు అంతకుముందు ఏ వ్యంగ్య చిత్రంలోని వికలాంగ సైనికుడికి దక్కింది? ముప్పయ్యేళ్లుగా తెలిసిన మనిషికి కాలు పోయింది కాబట్టి పాఠకుడు గాయాన్ని చూసి మనిషిని మరిచిపోలేకపోయాడు. డిక్స్ కుంచె ముందు ట్రూడో గీత ఎందుకూ చాలదని చిత్రకళ తెలిసినవాళ్లు అంటారు, గీత వరకూ ఒప్పుకుంటాను.

కంటికి కనిపించని గాయాల విషయంలో పరిస్థితి ఇంకా హీనంగా ఉంది. చెయ్యి లేకపోతే ఒక్క గీతతో చూపించవచ్చు, మెదడుకు తగిలిన దెబ్బను ఎలా చూపిస్తారు? జర్మన్ చిత్రకారుడు జార్జ్ గ్రోస్ మొదటి యుద్ధం రోజుల్లో, కుళ్లిన అస్థిపంజరాన్ని పరీక్షించి యుద్ధానికి పనికొస్తుందని తేల్చే సైనిక డాక్టరును గీశాడు. గ్రోస్ స్వయంగా మానసిక చికిత్సాలయంలో ఉండి వచ్చినవాడు. అయినా బొమ్మలో డాక్టరు ముఖాన్ని మలచినంత శ్రద్ధగా రోగిని మలచలేదు, రోగి అస్థిపంజరమే అయ్యాడు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. డిక్స్ చిత్రాలను ప్రదర్శించే మ్యూజియంలు వాటి పక్కన హోర్లె లితోగ్రాఫుల్ని, ఆసుపత్రి పత్రికల్లో గాయపడ్డవాళ్లు నవ్వుకున్న కార్టూన్లను కూడా వేలాడదీయాలి. 1920 నాటి పింఛను శాతాల పట్టికను చదవడానికి వీలైనంత పెద్ద అక్షరాల్లో ఆ గోడ మీదే పెట్టాలి. ఈ రోజు బొమ్మలు గీస్తున్నవాళ్లు, మంత్రిని కొట్టడానికి వికలాంగ సైనికుణ్ణి బొమ్మలోకి పిలిచినప్పుడు, అతనికి ఒక మాట ఇవ్వాలి, ఆ మాట ఏదో ముందు అతన్ని అడగాలి. సంపాదకులు ఇంకో అడుగు వేసి, కుంచె పట్టగల మాజీ సైనికుల్ని వెతికి, వారానికి ఒక చోటు వాళ్లకే వదిలెయ్యాలి. మెడికల్ బోర్డు గది వాళ్లకు బాగా తెలుసు. మొదటి బొమ్మ అక్కడి నుంచే రావచ్చు.